జైల్లో మొక్కలు నాటే ముందు వంటగది వెనక్కి వెళ్లి చూడండి

మీరు అడిగింది ఇది: దగ్గర్లోని సబ్ జైల్లో ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలతో ఏదైనా పర్యావరణ కార్యక్రమం చేద్దామనుకుంటున్నారు. సోలార్ పెట్టించాలా, మొక్కలు నాటించాలా, అసలు జైల్లో ఇలాంటివి నిలబడతాయా అని.

నిలబడతాయండి. నేను జైళ్ల శాఖలో వార్డర్‌గా చేరి హెడ్ వార్డర్‌గా రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం గోదావరి జిల్లాల్లోనే గడిచింది. నా అనుభవంలో నిలబడినవన్నీ వంటగది దగ్గర మొదలైనవే. ఒకచోట ఎవరో దాతలు సోలార్ వాటర్ హీటర్ పెట్టించారు. రిబ్బన్ కట్ చేశారు, ఫొటోలు దిగారు. పైపులో పాచి పట్టాక బాగుచేసే మనిషి లేక అది డాబా మీద అలాగే ఉండిపోయింది. సోలార్ మంచిదే. కానీ ఏటా సర్వీసింగ్ ఎవరు చేయిస్తారో కాగితం మీద తేలేవరకూ దాని జోలికి వెళ్లకండి.

డెల్టాలోనే ఒక సబ్ జైలు సంగతి చెప్తాను. వంటగది వెనక కాలువలోకి గంజి, కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం అన్నీ కలిసి పోయేవి. ఈగలు, పందికొక్కులు, వాసన. బ్యారక్ కిటికీలు అటువైపే. చెత్త ట్రాక్టర్ వచ్చిన ప్రతిసారీ గేటు తీయాలి, లోపలికొచ్చేటప్పుడు తనిఖీ, బయటికెళ్లేటప్పుడు చెత్తలో కర్ర గుచ్చి మరీ తనిఖీ. చెత్త తగ్గితే గేటు తీయడం తగ్గుతుంది, సిబ్బందికి టెన్షన్ తగ్గుతుంది. అధికారులతో మాట్లాడేటప్పుడు ఈ మాట ముందు చెప్పండి. భూతాపం గురించి చెప్పినదానికంటే ఇది త్వరగా ఎక్కుతుంది.

గంజిని వేరే డ్రమ్ములో పట్టాం. గేదెల కుడితికి పక్కవీధి పాలాయన రోజూ గేటు దగ్గరికి వచ్చి తీసుకెళ్లేవాడు. సగం కంపు ఆ ఒక్క పనితోనే పోయింది. తొక్కలకు కంపోస్ట్ పెట్టాం. పుస్తకాల్లో గొయ్యి తీయమంటారు. మన నల్లరేగడిలో, శ్రావణంలో, ఆ గొయ్యి నీటిగుంట అవుతుంది. అందుకే నేలపైనే ఇటుకలతో, మధ్యమధ్య గాలికి కన్నాలు వదిలి, నడుమెత్తు తొట్టి కట్టించి పైన రేకు వేయించారు. ఒక బకెట్ తడిచెత్త వేస్తే దాని మీద రెండు బకెట్ల ఎండుసరుకు పడాలి: ఎండుటాకులు, తరిగిన వరిగడ్డి, బాగా పాతబడిన కొబ్బరి పొట్టు. పచ్చి పొట్టు త్వరగా కుళ్లదు. వారానికోసారి తిరగేయాలి. గుప్పెడు తీసి గట్టిగా పిండితే ముద్ద అవ్వాలి గానీ నీళ్లు కారకూడదు. కారితే ఎండుసరుకు తక్కువైందన్నమాట. రెండు మూడు నెలల్లో నల్లటి, మట్టివాసన వేసే ఎరువు వస్తుంది.

ఇక ఆ చెత్త ఎవరి చేతులు ముట్టాలి? జైల్లో పచ్చదనం గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువగా దాటేసే ప్రశ్న ఇది, నాకు మాత్రం అన్నిటికంటే ముఖ్యమైనది. కొత్తగా వచ్చినవాడి ఊరు, పేట అడిగి తెలుసుకుని, గరిటె ఎవరికి, చీపురు ఎవరికి అని తేల్చేయడం నేను కళ్లారా చూశాను. కులాన్నిబట్టి పని పంచడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2024 అక్టోబర్ 3న తీర్పు చెప్పింది, జైలు మాన్యువళ్లలో అలాంటి నిబంధనలు తీసేయమంది. ఆ తీర్పు రావడానికి చాలా ముందే మా సూపరింటెండెంట్ గారు ఒక పద్ధతి పెట్టారు. వంటలో ఉన్న ప్రతివాడూ వంతులవారీగా కంపోస్ట్ కూడా తిరగేయాలి. అన్నం వండిన చెయ్యే పార పట్టాలి. గ్లవ్స్, గమ్‌బూట్లు, సబ్బు అందరికీ. మొదట్లో గొణిగారు. తర్వాత అలవాటైంది. మీరు కట్టించే తొట్టి కూడా ఫలానా వాళ్ల పని అయిపోతే మాత్రం అది కట్టకపోవడమే మేలు.

ఇంకో సంగతి. సబ్ జైల్లో దాదాపు అందరూ రిమాండ్ ఖైదీలే. వాళ్ల చేత బలవంతంగా పని చేయించకూడదు, ఇష్టపడి వచ్చినవాళ్లతోనే చేయించాలి. శిక్ష పడి పనిచేసేవాళ్లకు న్యాయమైన కూలి ఇవ్వాలని సుప్రీంకోర్టు 1998లోనే చెప్పింది. పర్యావరణం పేరుతో ఉచిత చాకిరీ చేయించడం తప్పు. పైగా రిమాండ్ వాళ్లకు బెయిల్ ఎప్పుడొస్తుందో తెలియదు. నిన్న పని నేర్చినవాడు ఇవాళ ఇంటికెళ్లిపోతాడు, వెళ్లాలి కూడా. అందుకే ప్రతి పనికీ ఇద్దరిని పెట్టేవాళ్లం, పాతవాడు కొత్తవాడికి చూపించేలా.

మొక్కల విషయానికొస్తే, ప్రహరీ పక్కన చెట్లు పెంచనివ్వరు. కొబ్బరి, మామిడి మాట మర్చిపోండి. పందిరికి గుంజలు, తాళ్లు కావాలి కాబట్టి బీర, ఆనప కూడా కష్టం. తోటకూర, గోంగూర, వంగ, బెండ వేయండి. పార, గునపం ఉదయం లెక్కపెట్టి ఇచ్చి, సాయంత్రం లాకప్‌కు ముందు లెక్కపెట్టి తీసుకోవాలి. స్నానాల నీళ్లు రాళ్లు నింపిన గుంటలోంచి అరటికి, చేమకు పెట్టాం. ఆకుకూరలకు మాత్రం ఆ నీళ్లు వద్దు. వేసవిలో కాలువలు కట్టేశాక నీళ్లకు కటకట, అందుకని అంతకంటే ముందే కారే కుళాయిలకు వాషర్లు మార్చేయాలి. ఖర్చు తక్కువ, ఫలితం మర్నాడే కనిపిస్తుంది.

బయోగ్యాస్ గురించి ఎవరో ఒకరు అడుగుతారు. పది కిలోల వంటింటి చెత్తకు సుమారు ఒక ఘనపు మీటరు గ్యాస్ వస్తుంది, అంటే అరకిలో సిలిండర్ గ్యాస్‌ కంటే తక్కువే. చిన్న జైలుకు అంత హైరానా అక్కర్లేదు. పప్పు ముందే నానబెట్టి, గుండిగల మీద మూతలు పెడితే చాలావరకు కలిసొస్తుంది. పెద్ద జైళ్ల లెక్క వేరు. రువాండా జైళ్లలో మరుగుదొడ్ల వ్యర్థాలతో గ్యాస్ తయారుచేసి, వంటచెరకు దాదాపు సగం తగ్గించారు. రాజమహేంద్రవరం సెంట్రల్ జైలు లాంటి చోట శిక్షపడ్డవాళ్లు ఏళ్ల తరబడి ఉంటారు కాబట్టి అలాంటివి ఆలోచించవచ్చు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఖైదీలు శాస్త్రవేత్తలతో కలిసి అంతరించిపోతున్న కప్పల్ని కూడా పెంచారు. నళినీ నాడ్కర్ణి అనే శాస్త్రవేత్త జైల్లో నాచు పెంచే పనితో మొదలుపెట్టించిన కార్యక్రమం అది.

మీరు చేయగలిగింది చెప్తాను. ముందు సూపరింటెండెంట్‌కు లెటర్ రాసి అనుమతి తీసుకోండి. వెళ్లేటప్పుడు ఫోన్లు బయటే వదిలేయమనండి. ఖైదీల ముఖాలు ఫొటోలు తీయనని మీరే ముందుగా రాసివ్వండి. కడియం నర్సరీల్లో అంట్లు కట్టే మేస్త్రీని ఒకరిని వారానికోసారి తీసుకెళ్లగలిగితే ఇంకా మంచిది, బయటికొచ్చాక ఆ పని వాళ్లకు కూడు పెడుతుంది. పిల్లల చేత కాలేజీ ఆవరణలో రాలిన ఆకులు గోనెల్లో నింపించి జైలుకు చేర్చండి. అది మాత్రం ఆషాఢం లోపే జరగాలి, వానలు పట్టాక ఎండుటాకు దొరకదు.