మూడో ఏట మొదలయ్యే తుమ్ములు

టెక్సాస్‌లోని ఆస్టిన్‌కు వచ్చి స్థిరపడినవారు తరచుగా అడిగే సందేహం ఇది: వచ్చిన కొత్తలో ఏ బాధా లేని ముక్కు, రెండు మూడేళ్లు గడిచాక జనవరి రాగానే ఎందుకు కారడం మొదలుపెడుతుంది? ఏళ్లు గడిచేకొద్దీ ఇక్కడి గాలికి శరీరం అలవాటుపడుతుందని చాలామంది ఆశిస్తారు గాని, అలర్జీ తత్వం ఉన్నవారి ముక్కులో జరిగేది సాధారణంగా దీనికి విరుద్ధం.

సెంట్రల్ టెక్సాస్ కొండల నిండా ఉండే మౌంటెన్ సీడర్ చెట్లు డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పుప్పొడిని వదులుతాయి. మొదటి శీతాకాలాల్లో పైకి ఏమీ కనిపించకపోయినా, శరీరం ఆ పుప్పొడిని హానికరమైనదిగా ఎంచి ఐజీఈ అనే ప్రతిరక్షకాలను తయారుచేసుకుంటుంది. అవి ముక్కు పొరలోని మాస్ట్ కణాలకు అంటిపెట్టుకొని ఉండి, పుప్పొడి మళ్లీ తగిలినప్పుడు నిమిషాల్లోనే హిస్టమిన్ అనే రసాయనాన్ని విడుదల చేయిస్తాయి. తుమ్ములు, దురద, నీరు కారడం దాని ఫలితాలే. కొన్ని గంటల తర్వాత ఇతర కణాలు కూడా అక్కడికి చేరడంతో ముక్కు దిబ్బడ వేస్తుంది.

అసలు చిక్కు ఆ తర్వాతిది. ఆ వాపు తగ్గకముందే మర్నాడు మళ్లీ పుప్పొడి తగిలితే, నిన్నటికన్నా తక్కువ మోతాదుకే ముక్కు అంత తీవ్రంగానూ స్పందిస్తుంది. 1960ల చివర జాన్ కానెల్ అనే అమెరికన్ వైద్యుడు రాగ్‌వీడ్ అనే కలుపుమొక్క పుప్పొడితో ప్రయోగాలు చేసి ఈ ధోరణిని వివరించాడు. దీనినే ప్రైమింగ్ అంటారు. సీజన్ చివర వార్తల్లో పుప్పొడి లెక్క తగ్గిందని చెబుతున్నా మనకు ఉపశమనం కలగకపోవడానికి ఇదొక కారణం. పుప్పొడి పూర్తిగా ఆగితే కొన్ని వారాల్లో ఈ అతి స్పందన తగ్గుతుంది.

అందువల్ల తుమ్ములు ముదిరాక మందుల దుకాణానికి పరుగెత్తడం కన్నా, సీజన్‌కు ఒకటి రెండు వారాల ముందే ఫ్లూటికసోన్ వంటి స్టెరాయిడ్ స్ప్రేను రోజూ వాడడం మొదలుపెట్టడం మేలు. ఇది డాక్టరు చీటీ లేకుండానే దొరుకుతుంది, కాని పూర్తి గుణం చూపడానికి రోజులు పడుతుంది. ఒక్కపూట కొట్టి పనిచేయలేదని పక్కన పడేయడం మనవాళ్లలో బాగా ఉంది. ఆక్సీమెటజోలిన్ స్ప్రే క్షణాల్లో దిబ్బడ తీస్తుంది గనుక ఆకర్షణీయమే, అయితే మూడు రోజులు మించితే దిబ్బడ తిరగబెట్టి ఇంకా పెరుగుతుంది. రక్తపోటు ఉన్న తల్లిదండ్రులకు, పేరు చివర ‘డి’ అక్షరం ఉన్న అలర్జీ మాత్రలు డాక్టరును అడగకుండా ఇవ్వకండి. వాటిలోని సూడోఎఫెడ్రిన్ రక్తపోటును పెంచగలదు.

ఊరి నుంచి మనల్ని చూడవచ్చే తల్లిదండ్రుల విషయంలో మరొకటి. మన ఊళ్లలో వయ్యారిభామ మొక్కతో అలర్జీ ఉన్నవారికి, దానికి బంధువైన రాగ్‌వీడ్ ఇక్కడ మొదటి రాకలోనే పడకపోవచ్చు. కాబట్టి వారి ప్రయాణాన్ని ఆగస్టు నుంచి నవంబరు వరకు పెట్టుకొనేముందు ఆలోచించండి.

స్ప్రేలతో కుదుటపడనివారు అలర్జీ నిపుణుడి వద్ద చర్మపరీక్ష చేయించుకొని ఇంజెక్షన్ల చికిత్స గురించి అడగవచ్చు. అది సాధారణంగా 3 నుంచి 5 ఏళ్లు సాగుతుంది; ఉద్యోగం మారి వేరే రాష్ట్రానికి వెళ్లే అవకాశం ఉంటే, ఆ మాట మొదటే నిపుణుడికి చెప్పాలి.