జీతం లేని ఓడకు మా అమ్మాయిని పంపాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చివరి సంవత్సరం చదువుతోంది. పరీక్షలు కాగానే ఆఫ్రికాలో ఉచితంగా ఆపరేషన్లు చేసే మెర్సీ షిప్స్ ఆస్పత్రి ఓడలో సేవ చేస్తానంటోంది. జీతం ఉండదు సరికదా, ఖర్చులు కూడా మనమే పెట్టుకోవాలట. సముద్రం మీద ఆడపిల్ల ఒంటరిగా ఎలా ఉంటుందని మా భయం. కెరీర్ మొదట్లోనే కాలం వృథా కాదా? – ఒక తల్లి

జవాబు: ఈ వాదన మీ ఇంట్లో ఇప్పుడే తేలనక్కర్లేదమ్మా. పరీక్షలు రాసిన వెంటనే వెళ్తానన్నా ఆమెను నర్సుగా తీసుకోరు. లైసెన్సు వచ్చాక సాధారణంగా రెండేళ్లయినా ఆస్పత్రిలో పని చేసి ఉండాలంటారు. ఆ షరతు సరైనదే. ఓడ వార్డులో పక్కన నిలబడి నేర్పే తీరిక ఎవరికీ ఉండదు. తోటి నర్సులు రకరకాల దేశాల నుంచి, రకరకాల అలవాట్లతో వస్తారు. కొందరు కొన్ని వారాలకే వెళ్లిపోతారు. రోగి భాష తెలియదు, మాటలన్నీ స్థానిక దుబాసీ ద్వారానే. అలాంటి చోట రోగి ముఖం చూడగానే ఏదో తేడాగా ఉందని పసిగట్టే కన్ను ముందే ఉండాలి. అది రాత్రి డ్యూటీలు చేస్తేనే వస్తుంది.

సముద్రం గురించి మీరు అంతగా బెంగ పెట్టుకోకండి. ఆస్పత్రి పని జరిగేటప్పుడు ఓడ రేవులో కట్టేసి ఉంటుంది, నెలల తరబడి అక్కడే. 1978లో మొదలైన ఈ సంస్థకు ఇప్పుడు రెండు ఓడలున్నాయి. ఆఫ్రికా మెర్సీ ఒకప్పుడు డెన్మార్క్‌లో రైళ్లను నీటి మీద దాటించిన ఫెర్రీ. గ్లోబల్ మెర్సీని మాత్రం ఆస్పత్రి కోసమే కట్టారు. పొడవు 174 మీటర్లు, ఆపరేషన్ థియేటర్లు ఆరు, పడకలు సుమారు 200. ఒంటరితనం సంగతి అంటారా, అక్కడ దొరకనిదే అది! చిన్న క్యాబిన్‌ను ఇతరులతో పంచుకోవాలి, పనిచేసే చోటే తినాలి, పడుకోవాలి. గొడవపడినవారి ముఖమే మళ్లీ భోజనాల దగ్గర చూడాలి. మీ అమ్మాయికి హాస్టల్ జీవితం పడకపోతే ముందు దాని గురించి ఆలోచించమనండి. (అమెరికా నౌకాదళానికి కూడా మెర్సీ అనే వెయ్యి పడకల ఆస్పత్రి ఓడ ఉంది. అది సైనిక వ్యవస్థ, దానికీ దీనికీ సంబంధం లేదు.)

అక్కడ చేసేవి ఎక్కువగా ముందే నిర్ణయించిన ఆపరేషన్లు. ఊపిరి ఆడనివ్వనంతగా పెరిగిన దవడ కణితులు, గ్రహణమొర్రి, వంకర తిరిగిన పిల్లల కాళ్లు, కాలిన గాయాలతో ముడుచుకుపోయిన చేతులు, కంటిశుక్లాలు. రోజుల తరబడి ప్రసవం కాక, చివరికి మూత్రం ఆగకుండా కారే ఫిస్టులాతో మిగిలిపోయి, అయినవారే దూరం పెట్టిన స్త్రీలు కూడా వస్తారు. నయమైన ఆ స్త్రీలకు కొత్త దుస్తులు తొడిగి వేడుక చేసే ఆనవాయితీ ఉంది.

ఆ వేడుకల ఫొటోలే మీ అమ్మాయిని కదిలించి ఉంటాయి. ఫొటోల్లో కనిపించనిది ఇంకొకటుంది. ఆశతో ఎంతో దూరం నుంచి వచ్చినవారిలో చాలామందికి, ఈ ఆపరేషన్ ఇక్కడ చేయలేమని చెప్పి పంపాల్సి వస్తుంది. ముదిరిపోయిన క్యాన్సర్ కావచ్చు, నెలల తరబడి చికిత్స అవసరమైన జబ్బు కావచ్చు. ఆ మాట చెప్పిన చోటే మర్నాడు మళ్లీ డ్యూటీకి నిలబడాలి. అక్కడికి వెళ్లాలనుకునే ప్రతి ఒక్కరినీ నేను ముందు దీని గురించే అడుగుతాను.

ఇక డబ్బు. సర్జన్ అయినా, వంటవారైనా ప్రయాణం, బీమా వంటి ఖర్చులు ఎవరివి వారే భరిస్తారు. కొందరు బంధుమిత్రుల నుంచి విరాళాలు పోగుచేసుకుంటారు. నా అభిప్రాయం అడిగితే, అప్పు చేసి మాత్రం వెళ్లకూడదు. రెండేళ్ల జీతంలో కొంత పక్కన పెట్టి, మొదటిసారి కొద్ది వారాలకే వెళ్లి చూడటం మంచిది. దరఖాస్తు నేరుగా సంస్థకే పంపాలి. సీటు ఖాయం చేస్తామనీ, ఓడలో జీతం ఇప్పిస్తామనీ చెప్పే మధ్యవర్తులను నమ్మకండి. ఇది క్రైస్తవ విశ్వాసంతో మొదలైన సంస్థ, ఆ వాతావరణం ఓడలోనూ ఉంటుంది. ఆ సంగతి కూడా ముందే తెలుసుకుని వెళ్లడం మేలు.

కెరీర్ విషయానికొస్తే, లాభం ఉంది, కానీ మీ అమ్మాయి ఊహించినంత కాకపోవచ్చు. శస్త్రచికిత్స తర్వాతి సంరక్షణలో, గాయాల డ్రెస్సింగ్‌లో చేయి బాగా తిరుగుతుంది. భాష రాని రోగితో మెలగడం వస్తుంది. ఐసీయూలో నిపుణురాలు కావాలన్నదే లక్ష్యమైతే మాత్రం పెద్ద ఆస్పత్రిలో గడిపిన కాలమే ఎక్కువ అక్కరకొస్తుంది. తిరిగొచ్చేటప్పుడు ఏ వార్డులో, ఎన్ని వారాలు పని చేసిందో రాసిన లేఖ తప్పక తీసుకోమనండి. అది లేకపోతే ఇంటర్వ్యూలో ఆ కాలం ఖాళీగానే కనిపిస్తుంది.

రెండేళ్లు ఆగలేనంటే భోజనశాలలోనో, శుభ్రత విభాగంలోనో చేరవచ్చు, అక్కడ నర్సింగ్ అనుభవం అడగరు. నర్సింగ్ చదివిన అమ్మాయికి ఆ దారి నేను సూచించను. ఈలోగా సర్జికల్ వార్డులోనో, పిల్లల వార్డులోనో పోస్టింగ్ అడగమనండి. ఓడలో అందరి ఉమ్మడి భాష ఇంగ్లీషే కాబట్టి తడబడకుండా మాట్లాడటం అలవాటు చేసుకోవాలి. ఎల్లో ఫీవర్ టీకా మాత్రం చివరి వారానికి వదిలేయకూడదు. టీకా వేయించుకున్నట్టు ఇచ్చే ధ్రువపత్రం పది రోజుల తర్వాతే చెల్లుతుంది.