విమానాల లెక్కకు ఏఎంఈ కోర్సు ఎందుకు?

ప్రశ్న: మాది కావలి. ఆర్టీసీ గ్యారేజీలో పనిచేస్తాను. మా అమ్మాయి నెల్లూరులో బీఎస్సీ మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ ఆఖరి సంవత్సరం. ఏ రూటుకు ఏ విమానం వేయాలి, ఎప్పుడు మెయింటెనెన్స్‌కు ఆపాలి అని లెక్కగట్టే ఉద్యోగం చేస్తానంటోంది. దానికి ఏఎంఈ (ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజినీరింగ్) చేయాలని ఒక ఏజెంట్ అంటున్నాడు. ఫీజు లక్షల్లో ఉంది. కట్టమంటారా?

జవాబు: కట్టొద్దండి. ఏఎంఈ అంటే విమానాన్ని దగ్గరుండి చూసి, బాగుచేసి, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే లైసెన్సుతో సంతకం పెట్టే పని. మంచి పనే, కానీ పాప అడిగేది అది కాదు. ఆమెకు కావాల్సింది ఆపరేషన్స్ రీసెర్చ్, అంటే ఉన్న బండ్లు, మనుషులు, సమయాన్ని ఎలా వాడితే మేలో లెక్కగట్టే శాస్త్రం. ఏజెంట్‌కు ఈ తేడా తెలియక కాదు, ఇందులో కమీషన్ రాదు.

పల్లెవెలుగు ఎటు, సూపర్ లగ్జరీ ఎటు, ఏ బండి నైట్ హాల్ట్, ఏది రాత్రికి గ్యారేజీకి రావాలి... మీరు రోజూ చూసేదే కదా. విమానాల్లో చిక్కులు ఇంకా ఎక్కువ. హైదరాబాద్–తిరుపతికి డెబ్బై చిల్లర సీట్ల ఏటీఆర్ వేస్తే పండగ రోజుల్లో సీటు దొరకనివాళ్లు వేరే కంపెనీకి పోతారు. 180 సీట్ల ఎయిర్‌బస్ వేస్తే మామూలు రోజుల్లో సగం ఖాళీ. ఎయిర్‌బస్ పైలట్‌ను ఏటీఆర్‌లో కూర్చోబెట్టలేరు, ఆ రకం విమానం నడిపే అనుమతి (రేటింగ్) వేరు. దానికితోడు కొన్ని వందల గంటలు ఎగిరాక ఏ-చెక్ అనే తప్పనిసరి తనిఖీ గడువు వస్తుంది. ఆ రాత్రికి విమానం ఆ పని జరిగే ఊళ్లోనే దిగి ఉండాలి. ఒక్క ఫ్లైట్ మారిస్తే ఇవన్నీ కదులుతాయి. 3 రకాల విమానాలను 10 ఫ్లైట్లకు 59,049 విధాలుగా వేయొచ్చు. 100 ఫ్లైట్లకైతే అది 48 అంకెల సంఖ్య. ఇన్నిటిలో మేలైనది వెతకడానికి పాప సిలబస్‌లో సింప్లెక్స్ పద్ధతి ఉంటుంది చూడండి, అది కనిపెట్టిన డాంట్‌జిగ్ 1956లోనే ఫెర్గూసన్‌తో కలిసి రూట్లకు విమానాల కేటాయింపు మీద పేపర్ రాశారు.

పీజీకి ఐఐటీ జామ్, ఐఎస్ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్) ఎంస్టాట్ ఎంట్రన్సులు రాయించండి. ఢిల్లీ యూనివర్సిటీలో ఆపరేషనల్ రీసెర్చ్ పీజీ కూడా ఉంది. విమాన కంపెనీల్లో ఈ పోస్టులు తక్కువ, అవీ గురుగ్రామ్ లాంటి చోట్లే. అయినా టెన్షన్ వద్దు. కృష్ణపట్నంలో ఏ ఓడను ఏ బెర్తుకు తేవాలన్నా ఇదే లెక్క.

ఈలోపు పైథాన్, ఇలాంటి లెక్కలు చేసే, ఉచితంగా దొరికే ఓఆర్-టూల్స్ సాఫ్ట్‌వేర్ నేర్చుకోమనండి. బస్టాండ్ బోర్డు మీది 10 సర్వీసులు రాసుకుని, బండ్లు కేటాయించే ప్రోగ్రామ్ రాయమనండి. వచ్చిన చార్టు మీరు చూడండి. గ్యారేజీకి రావాల్సిన బండి నైట్ హాల్ట్‌లో పడిందంటే, పాప ఏదో షరతు పెట్టడం మర్చిపోయినట్టే.