వార్‌గేమ్ బొమ్మల ఆయుధాలు మార్చుకునేలా అయస్కాంతాలు ఎలా పెట్టాలి?

వార్‌గేమ్ అంటే బల్లమీద చిన్న ప్లాస్టిక్ సైనికుల బొమ్మలతో ఆడే యుద్ధపు ఆట. ఒకే బొమ్మకు ఒకరోజు తుపాకి, ఇంకోరోజు కత్తి పెట్టుకోవాలంటే ఆయుధం పట్టుకున్న చేతిని భుజానికి జిగురుతో అంటించేయకూడదు. భుజంలో ఒకటి, చేతిలో ఒకటి చిన్న నియోడిమియం అయస్కాంతాలు (చిన్నవైనా గట్టిగా పట్టే రకం) దిగేస్తే సరి.

మామూలు సైనికుడి భుజానికి 3 మి.మీ. వ్యాసం, 1 మి.మీ. మందం ఉన్నవి చాలు. మణికట్టు లాంటి సన్నని చోట 2 మి.మీ.వి, ట్యాంకు తుపాకుల్లాంటి బరువైన వాటికి 5 మి.మీ.వి వాడండి. కరెంటు డ్రిల్ మాత్రం వద్దు, వేడికి ప్లాస్టిక్ మెత్తబడుతుంది. చేత్తో తిప్పే పిన్ వైస్‌తో ముందు 1 మి.మీ. రంధ్రం వేసి, తర్వాత పెద్ద బిట్‌తో వెడల్పు చేయండి.

అందరూ దెబ్బతినేది ధ్రువాల దగ్గరే. నేను మొదటిసారి మూడు చేతులు అతికించి మురిసిపోయాను. తీరా చూస్తే వాటిలో రెండు చేతులు భుజాన్ని తోసేస్తున్నాయి! సూపర్ గ్లూ ఆరాక వాటిని పీకడం నరకం. ఇప్పుడు ముందు భుజంలోది ఆరనిచ్చి, దానిమీద ఇంకో అయస్కాంతాన్ని దానంతట అదే అతుక్కోనిస్తాను. పైకి కనిపించే ముఖం మీద మార్కర్‌తో చుక్క పెడతాను. చేతి రంధ్రంలో ఆ చుక్క లోపలికి పోవాలి. మిగతా ఆయుధాలన్నిటికీ అదే భుజం ఆధారం.

లోపలికి నొక్కడానికి టూత్‌పిక్ వాడండి. ఇనుప పట్టకారైతే అయస్కాంతం దానికే అంటుకుని జిగురుతో సహా బయటికొచ్చేస్తుంది.

ఇంట్లో చిన్నపిల్లలుంటే మిగిలినవి లెక్కపెట్టి డబ్బాలో పెట్టండి. రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి పట్టుకుని ప్రాణం మీదికి తెస్తాయి.