అమ్మకు చెప్పకుండా పరీక్ష రాసేయనా?

ప్రశ్న: మాది కాకినాడ దగ్గర మత్స్యకారుల ఊరు. నాకు 23 ఏళ్ళు, బీటెక్ మెకానికల్ అయింది. కోస్ట్ గార్డ్ (తీర రక్షక దళం)లో అసిస్టెంట్ కమాండెంట్‌గా, అంటే ఆఫీసర్‌గా చేరాలని పదో తరగతి నుంచీ కోరిక. 1996 తుఫానులో వేటకెళ్ళిన మా మేనమామ తిరిగి రాలేదు. మనిషి దొరక్కపోతే ఫొటోకి దండేసి దినం చేశారట. నేను ఈ ఉద్యోగం మాటెత్తితే అమ్మ అన్నం ముందు నుంచి లేచిపోతుంది. హైదరాబాద్ వెళ్ళి సాఫ్ట్‌వేర్ నేర్చుకోమంటుంది. నాన్న ఇప్పటికీ వేటకెళ్తాడు, ఈ విషయంలో ఏమీ అనడు. చెప్పకుండా పరీక్ష రాసి, సెలెక్టయ్యాక చెబితే ఎలా ఉంటుంది?

జవాబు: బాబూ, సెలెక్టయితే పోలీస్ వెరిఫికేషన్‌కి మీ ఇంటికే వస్తారు. తలుపు తీసేది మీ అమ్మే. అలా తెలియడం కన్నా ఇప్పుడు రెండు రోజులు అలగడం నయం.

మీ మావయ్య సంగతి నాలుగు మాటల్లో తేల్చేసి ముందుకెళ్ళిపోయావు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. నవంబరు 6 సాయంత్రం కాకినాడకి దక్షిణాన తీరం దాటిన ఆ తుఫానులో వెయ్యిమందికి పైగా పోయారు, అందులో వేట మీదున్నవాళ్ళే ఎందరో. శవాన్ని చూడని ఇంట్లో ఏడుపు ఎప్పటికీ సగంలోనే ఉంటుంది. మా వీధిలో ఒకావిడ, భర్త అలాగే వెళ్ళి రాకపోతే, పదేళ్ళపాటు రాత్రిపూట అరుగు మీద చెంబుతో నీళ్ళు పెట్టి పడుకునేది. ఎవరూ అడిగేవాళ్ళం కాదు. మీ అమ్మని నువ్వెప్పుడైనా అడిగావా? మావయ్య కోసం ఎవరు వెతికారు, ఎన్నాళ్ళు వెతికారు, ఎప్పుడు ఆపేశారు అని? నువ్వు చేరతానంటున్న ఉద్యోగంలో పెద్ద పనే వెతకడం. ముందు ఆవిడ నోట ఆ కథ పూర్తిగా విను. నీ కోరిక గురించి ఆ రోజు ఎత్తకు.

ఇంకోటి. నాన్న వేట నుంచి వచ్చేదాకా అమ్మకి నిద్రపట్టదని నువ్వు రాయకపోయినా తెలుస్తోంది. ఆ ఎదురుచూపులో నిన్నూ కలుపుకోమంటున్నావు. అది చిన్న కోరికేం కాదు.

మాట్లాడేటప్పుడు "ప్రమాదమేం లేదమ్మా" అనొద్దు. 2024 సెప్టెంబరు 2 రాత్రి పోర్‌బందర్ దగ్గర, ట్యాంకర్‌లో గాయపడిన మనిషిని తేవడానికి వెళ్ళిన కోస్ట్ గార్డ్ హెలికాప్టర్ సముద్రంలో పడింది. నలుగురిలో ఒక్కడే బతికాడు. టీవీలో ఆవిడ చూసే ఉంటుంది. తేడా మాత్రం చెప్పు. తుఫాను కబురు రాగానే బోట్లను ఒడ్డుకి మళ్ళించడానికి కోస్ట్ గార్డ్ ఓడలూ, డోర్నియర్ విమానాలూ బయల్దేరతాయి. ఆపదలో సంకేతం పంపే పరికరాలు పడవల్లోకి వచ్చాయి, కోస్ట్ గార్డ్‌కి ఫోన్ చేయడానికి 1554 ఉంది. మీ మావయ్య పడవలో రేడియో అయినా ఉందో లేదో.

నీకూ ఒక మాట. ఇందులో రోజూ రక్షించడమే ఉండదు. గస్తీ, స్మగ్లింగ్ పడవల తనిఖీ, నీళ్ళ మీద తెట్టుకట్టిన చమురు, బోలెడు కాగితాల పని. కొన్నిసార్లు రోజుల తరబడి వెతికి ఉత్త చేతులతో వస్తారు. ఆ కబురు ఎదురుచూసే ఇళ్ళకి చేరుతుంది. అలాంటి ఇంట్లో పుట్టినవాడివి, అది మోయగలవో లేదో నీకే తెలియాలి.

వయసు సాధారణంగా 21 నుంచి 25 లోపే కాబట్టి ఏళ్ళు సాగదీయడం కుదరదు. రాతపరీక్ష, దాని తర్వాత ప్రాథమిక ఎంపిక, నోయిడాలో కొన్ని రోజుల ఇంటర్వ్యూ, వైద్యపరీక్ష, అన్నీ దాటితే కేరళలో ఎజిమల నౌకాదళ అకాడమీలో శిక్షణ. ఓడ నడిపే జనరల్ డ్యూటీనా, ఇంజిన్ చూసే టెక్నికలా అన్నది దరఖాస్తుకి ముందే తేల్చుకో.

అమ్మతో మాట్లాడడానికి వేట నిషేధం రోజులు చూసుకో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా నాన్న ఇంట్లోనే ఉంటాడు, ఆవిడ మనసూ కాస్త కుదురుగా ఉంటుంది. ఏమీ అనని ఆ నాన్నని కూడా పక్కన కూర్చోబెట్టుకో. ఈలోగా కంటి డాక్టర్ దగ్గరికెళ్ళి చూపూ, రంగులు గుర్తుపట్టడమూ పరీక్ష చేయించుకో. అందులో తేడా వస్తే ఇంట్లో ఈ గొడవ పడక్కర్లేదు.