నిమ్మతోటకు పోసిన బెల్లం ఏమైంది

అడవిలో ఎవరూ ఎరువు వేయకపోయినా మట్టి నల్లగా ఉంటుంది, ఆ నలుపునిచ్చే సేంద్రియ కర్బనంలో (కుళ్ళిన ఆకులు, జీవుల అవశేషాల నుంచి వచ్చేది) చక్కెరలు కూడా ఉంటాయట, మరి జీవామృతంలో (ఆవు పేడ, మూత్రం, బెల్లం, పప్పుపిండి కలిపి పులియబెట్టే ద్రవం) బెల్లం పెంచితే తోట మట్టి కూడా అలా మారుతుందా అని అడిగారు. మారదండీ. చేసి, చేతులు కాల్చుకుని చెబుతున్నాను.

పొదలకూరు దగ్గర మాకు నిమ్మతోట ఉంది. రెండేళ్ళు నెలనెలా జీవామృతం పోశాను. ఎకరానికి రెండు కిలోల బెల్లం చాలంటారు. నేను ఆత్రం కొద్దీ ఐదు కిలోలు కలిపాను. చీమలకు పండగ. మట్టి పరీక్షలో సేంద్రియ కర్బనం అంతకుముందు 0.34 శాతం, తరువాత 0.35. అప్పుడు కాగితం తీసి లెక్క కట్టాను. ఎకరంలో పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 9 లక్షల కిలోలు తూగుతుంది. అందులో కర్బనం 0.1 శాతం పెరగాలంటే 900 కిలోల కర్బనం చేరి నిలవాలి. ఐదు కిలోల బెల్లంలో ఉండేది రెండు కిలోలు. అదీ నిలవదు. సూక్ష్మజీవులు దాన్ని తిని, చాలా భాగాన్ని కొద్దిరోజుల్లోనే బొగ్గుపులుసు వాయువుగా గాలికి వదిలేస్తాయి. జీవామృతాన్ని తప్పుపట్టడం లేదు, దాని నుంచి నేను ఆశించిందే తప్పు.

మా అత్తగారి ఊరు ఉదయగిరి. ఒకసారి కొండ వాలులో కలే పొదల కింద నుంచి ఒక మట్టిబెడ్డ, మా తోట నుంచి ఒకటి తెచ్చి, రెండూ బాగా ఆరాక రెండు గాజు గ్లాసుల నీళ్ళలో వేశాను. మాది బుడగలు వదిలి, కాఫీ తాగేలోపే బురదయి అడుగున కూర్చుంది. నీళ్ళు ఎర్రబడ్డాయి. కొండ మట్టి మాత్రం సాయంత్రం దాకా విడలేదు, నీళ్ళు తేటగానే ఉన్నాయి. మామగారు ఆ మట్టిని వేళ్ళతో నలిపి, "మీది పిండి అల్లుడూ, ఇది రవ్వ" అన్నారు.

రవ్వలా కట్టి ఉంచేవాటిలో ముఖ్యమైనది మీరు అడిగిన చక్కెరే. కాకపోతే నాలుకకు తీపి తగిలే రకం కాదు. పొడవాటి గొలుసులుగా అల్లుకున్న జిగురు. అది మొక్కలదో, సూక్ష్మజీవులదో తేల్చడానికి శాస్త్రజ్ఞులు మట్టిని ఆమ్లంలో ఉడికించి, గొలుసులను విడగొట్టి, ఏ చక్కెర ఎంత ఉందో కొలుస్తారు. జైలోజు, అరబినోజు అనే చక్కెరలు ఎక్కువగా ఆకులు, వేళ్ళు, కొయ్య నుంచి వస్తాయి. మానోజు, గాలాక్టోజు, రామ్నోజు, ఫ్యూకోజు ఎక్కువైతే సూక్ష్మజీవుల వాటా పెద్దదని అర్థం. గ్లూకోజు ఇద్దరి దగ్గరా ఉంటుంది కనుక సాక్ష్యానికి పనికిరాదు. గాలాక్టోజు, మానోజుల మొత్తాన్ని అరబినోజు, జైలోజుల మొత్తంతో భాగిస్తే 0.5 కన్నా తక్కువ వస్తే మొక్కలవి, 2 దాటితే సూక్ష్మజీవులవి అని ఒక వాడుక లెక్క. ఇది కూడా అంచనాయే, ఎందుకంటే పైన్ జాతి చెట్ల కొయ్యలోనూ మానోజు బాగా ఉంటుంది. మ్యూరమిక్ ఆమ్లం అనే మరో చక్కెర రకం అంతకన్నా గట్టి సాక్షి, అది బాక్టీరియా కణగోడలలో తప్ప దొరకదు. ఇవేవీ మన మట్టి పరీక్ష కాగితంలో రావు, వెతకకండి.

నాకు కళ్ళు తెరిపించిన సంగతి ఒకటుంది. అదే మట్టిని ఇసుక, బంకమన్నుగా వేరుచేసి చూస్తే, ఇసుకపాలులో మొక్కల చక్కెరలు, బంకపాలులో సూక్ష్మజీవుల చక్కెరలు ఎక్కువగా కనిపిస్తాయి. ఆకు తునకలు ఇసుక రేణువుల పక్కన వదులుగా పడి ఉండి తొందరగా కుళ్ళిపోతాయి. వాటిని తిని బతికిన జీవులు చచ్చాక, వాటి అవశేషాలు, జిగురు బంకరేణువులకు అతుక్కుని ఏళ్ళ తరబడి ఉండగలవు. అంటే చెట్టు పెట్టిన భోజనంలో మట్టికి దక్కేదాంట్లో పెద్ద వాటా తిన్నవాళ్ళ ఎముకలదన్నమాట. చెట్టు ఆ భోజనాన్ని ఆకు రాల్చినప్పుడే పెట్టి ఊరుకోదు. వేళ్ళ నుంచి చక్కెరలు ఊరుతూనే ఉంటాయి, వేళ్ళతో పొత్తు కట్టిన శిలీంధ్రాలకూ అందుతాయి. నేను నెలకోసారి బిందెతో పోసింది అడవిలో రోజూ చుక్కచుక్కగా పడుతోంది.

అందుకని బెల్లాన్ని మళ్ళీ రెండు కిలోలకు దించాను. పాదుల మధ్య దున్నడం మానేశాను. వర్షాలకు జనుము, పిల్లిపెసర లాంటి పచ్చిరొట్ట పైర్లు చల్లి, పూతకు రాగానే కోసి అక్కడే పరుస్తున్నాను; మిగతా రోజుల్లో గడ్డిని పీకించకుండా కోయిస్తున్నాను. తోట అడవిలా ఉందని పక్క రైతు నవ్వుతాడు. అడవి ఆకుచెత్త బండికెత్తి తెచ్చే ఆలోచన ఉంటే వద్దు, అక్కడి భోజనం అక్కడే ఉండనివ్వండి.

ఇలా చేసి మూడేళ్ళయింది. మొన్న మళ్ళీ గ్లాసులు పెట్టాను. మా బెడ్డ ఇరవై నిమిషాలు నిలిచింది.