హమ్మింగ్‌బర్డ్ కథ పంపిన అమ్మాయికి

హ్యూస్టన్,
సెప్టెంబరు, ఆదివారం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి ఆరో పేజీలోనే ఆపేశాను. 'ముక్కుతో ముక్కు కలిపి ఒకే గిన్నెలో తేనె పంచుకుంటున్న ఆ ప్రేమజంట' అన్నావే, అక్కడ. చిరాకేసింది. లేచి వెళ్ళి కాఫీ పెట్టుకున్నాను.

నువ్వు చూసింది ప్రేమ కాదమ్మా, తగువు. ఆ హమ్మింగ్‌బర్డ్ పిట్టలు రెండు గాల్లో ఎదురెదురుగా నిలబడి, తోకలు విప్పి, కిచకిచమంటూ పైకి లేచాయంటే కొట్టుకుంటున్నాయని. అసలు వాటిలో కాపురమన్నదే లేదు. మగది జతకట్టాక దాని దారిన అది పోతుంది. ఆడది ఒక్కతే సాలెగూడు దారాలు తెచ్చి గూడు అల్లుకుని, రెండు గుడ్లు పెట్టి, పిల్లల్ని మేపుకుంటుంది. నీ కథలో కోడలు ఆ జంటను చూసి తన కాపురం తలుచుకుని ఏడ్చింది. పాపం, ఏ జంటను చూసి?

ఇంకొకటి. 'చీకటి పడుతుంటే దాని గొంతు కెంపులా మెరిసింది' అని రాశావు. మెరవదు. ఆ ఎరుపు ఈకలకు పట్టిన రంగు కాదు, వెలుగు పడే తీరును బట్టి కనిపించేది. ఎండ సూటిగా పడితే కళ్ళు చెదిరే ఎరుపు, కాస్త తల తిప్పితే నలుపు. పైగా నీ కథ అక్టోబరులో నడుస్తోంది. ఎర్రగొంతున్న పెద్ద మగవి చాలామటుకు అప్పటికే వెళ్ళిపోతాయి. ఫీడరు దగ్గర, అంటే మనం పంచదార నీళ్ళు పోసి వేలాడదీసే సీసా దగ్గర, ఉండేవి తెల్లగొంతు ఆడవీ, ఆ ఏడు పుట్టిన పిల్లలూ. కొట్లాటలో అవేం తక్కువ తినలేదులే.

ముసలావిడ చాదస్తం అనుకుంటావు. అనుకో. పోలిక రాసేముందు వస్తువును చూడాలి, నా పట్టు అదొక్కటే. చూడకుండా తెచ్చిన పోలిక పేరంటానికి అడిగి తెచ్చుకున్న నగ. (చూశావా, నేనూ ఒకటి వాడేశాను. ఈ రోగం అంత తేలిగ్గా పోదు.)

మా పెరట్లో ఇప్పుడు ఒకటుంది. క్రేప్ మర్టిల్ చెట్టు చిటారు కొమ్మ మీద, తెల్లారింది మొదలు. మనిషైతే మనిషి అనేదాన్ని, అంత పొగరు. బరువు చూడబోతే 3 గ్రాములు. ఒక గుక్క తాగుతుంది, కొమ్మెక్కుతుంది, తల అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంటుంది. ఇంకోటి వచ్చిందా, కంచె దాటేదాకా తరుముతుంది. మళ్ళీ అదే కొమ్మ, అదే చోటు. కప్పు పంచదారకి నాలుగు కప్పుల నీళ్ళు కలిపి పెట్టాను, అదొక్కతే వారం తాగినా తరగదు. పువ్వులో తేనె అయిపోతుంది గానీ సీసాలో అయిపోదని దానికెవరు చెప్పాలి? ఈ నెలలో అది దాదాపు రెండింతలు బరువెక్కాలి. ఎక్కి మెక్సికో వైపు, ఇంకా కిందికి పోవాలి. కొన్ని తీరం వెంబడి పోతాయి, కొన్ని గల్ఫ్ ఆఫ్ మెక్సికో మీదుగా 800 కిలోమీటర్లు ఎక్కడా వాలకుండా పోతాయి.

ఒక ఏడు ఇలాంటిదే ఒకటి అన్నిటినీ తరుముతుంటే, మిగతావాటి మీద జాలిపడి ఇంటి మలుపు అవతల, దానికి కనబడకుండా రెండో ఫీడరు కట్టాను. రెండు రోజులు అందరికీ దొరికింది. మూడో రోజు చూస్తే అది కొమ్మ వదిలేసి చూరు గట్టర్ మూల మీద కూర్చుంది. అక్కణ్ణించి రెండూ కనిపిస్తాయి! నెల మధ్యకొచ్చేసరికి పదీ పన్నెండూ దిగాయి. ఒకదాన్ని తరిమే లోపు ముగ్గురు తాగిపోతుంటే దానికీ విసుగొచ్చి, వాటి పక్కనే వాలి తాగడం మొదలుపెట్టింది. నీ కోడలి కథ ఇందులో ఉందో లేదో నువ్వే చూసుకో. ఉన్నా, ఉందని మాత్రం రాయకు.

నేను ఈ పిట్ట మీద మొదటి కథ రాసింది గ్యాస్ స్టేషన్‌లో, రాత్రి డ్యూటీలో, రసీదు కాగితాల వెనకాల. పిల్లాణ్ణి పడుకోబెట్టి సాపు చేసి ఎయిర్ మెయిల్లో ఒక వారపత్రికకి పంపాను. ఏడు నెలలకి అచ్చయింది. సంపాదకుడు హమ్మింగ్‌బర్డ్‌ను పిచ్చుక చేశాడు, 'మన పాఠకులకు తెలియదు' కాబట్టి. మిగతా వాక్యాలు ముట్టుకోలేదు. కాబట్టి నా కథలో పిచ్చుక గాల్లో నిలబడి, వెనక్కి ఎగిరింది. అది చదివి రిటైరైన సైన్సు మాస్టారొకరు రాసిన ఉత్తరం ఇంకా నా దగ్గరుంది. తర్వాత డయాస్పోరా, అంటే పరాయి దేశంలో ఉంటున్న మనవాళ్ళ కథల, ఫ్యాషన్ వచ్చింది. ఎయిర్‌పోర్టు, ఆవకాయ, కన్నీళ్ళు. ఇంకొకాయన ఫోన్ చేసి 'కాస్త మంచు కురిపించండి మేడం' అన్నాడు. హ్యూస్టన్‌లో, ఆగస్టులో!

నీ అత్తగారు పానకంలో ఎర్రరంగు, తేనె కలిపింది. రెండూ కలపకూడదు. తేనెకి బూజు పడుతుంది, ఎరుపు ఫీడరుకే ఉంటుంది. ఆవిడకి తెలియక కలిపితే నాకేం అభ్యంతరం లేదు, మంచి పాత్రే. నీకు తెలిసి కలిపించావా లేదా, అది చెప్పు.

మరి రెండోసారి ఎందుకు చదివానంటే, మామగారు. బ్రష్షు దొరక్క, ఫీడరు సీసాలో గుప్పెడు బియ్యం, కాసిని నీళ్ళు పోసి గలగలా ఆడించి కడుగుతాడు చూడు, కోడలు లోపల పడుకుని ఆ చప్పుడు వింటుంది. అక్కడ ఒక్క పోలికా లేదు. మా నాన్న మందు సీసాలు అలాగే కడిగేవాడు.

ఏ పత్రికకి పంపాలి, కలం పేరు ఉండాలా అని అడిగావు. ఆ సంగతి తర్వాత. ఇవి వెళ్ళిపోయేలోపు వారం రోజులు కిటికీ దగ్గర కూర్చో. ఫోన్ వేరే గదిలో పెట్టు.

ఇట్లు,
నీ పెద్దమ్మ లాంటిది

తా.క.: మామగారు వేసింది నానిన బియ్యమా, పొడివా? నేను పొడివి వేస్తే రెండు గింజలు అడుగున రంధ్రంలో ఇరుక్కున్నాయి. పుల్ల పెట్టినా రావడం లేదు.